క్షమించే హక్కు ఎవరిది?

కక్షకు కక్షే జవాబన్న మాట బలపడుతున్న రోజులివి. ఆ మాటను కాదన్న మనుషుల గురించీ, క్షమ పేరు చెప్పి జరిగే అన్యాయం గురించీ కావలి నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం

నెల్లూరు వీధి. నేల మీద కాలు మోపితే బొబ్బలెక్కే ఎండ. బక్కపలచని మనిషి ఒకాయన మెడలో అట్టలు తగిలించుకుని నడిచి వస్తున్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో గొడుగు లేదు. దళితులకు గుడి తలుపులు తెరవాలన్నది ఆ అట్టల మీది రాతల సారాంశం. చూసినవాళ్ళలో కొందరు తల తిప్పుకుంటారు, కొందరు నవ్వుతారు, చాలామంది పిచ్చివాడని తేల్చేస్తారు. నవ్వినవాళ్ళతో తగువు పెట్టుకోవడం ఆయన పని కాదు. మళ్ళీ అవే అట్టలతో, అదే ఎండలో బయల్దేరతాడు. 1940ల్లో నెల్లూరువాళ్ళకు అలవాటైన దృశ్యమిది. ఆ మనిషి పేరు పొట్టి శ్రీరాములు.

తెలుగువాళ్ళ రాష్ట్రం కోసం 1952లో ఆయన చేసిన దీక్ష, ఆ డిసెంబరు 15న ఆయన మరణం అందరికీ తెలిసినవే. కావలి పక్కనున్న జువ్వలదిన్నెకు ఆయనతో ఉన్న అనుబంధాన్ని ఈ ప్రాంతంవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. కానీ అంతకు ఆరేళ్ళ ముందు, 1946 మార్చిలో, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన పట్టిన దీక్ష గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ. చివరికి ఆ ప్రవేశం సాధ్యమైంది. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. తనను పిచ్చివాడన్న ఊరి మీద శ్రీరాములు పగ పట్టలేదు. అలాగని, పోనీలెమ్మని ఇంటికి వెళ్ళి కూర్చోనూ లేదు. మనుషులను వదిలేశారు, తప్పును మాత్రం తలుపు తెరుచుకునేదాకా వదల్లేదు. శత్రుత్వానికి కరుణతో బదులివ్వడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన జిల్లాలో దొరకదు.

జవాబుకు జవాబు

ఈ మాట ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణముంది. 2024 మే 13న పోలింగ్ జరిగిన రోజూ, ఆ తరువాతి రోజుల్లోనూ పల్నాడులో, తాడిపత్రిలో, చంద్రగిరిలో ఏం జరిగిందో చూశాం. ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శినీ, డీజీపీనీ ఢిల్లీకి పిలిపించి సంజాయిషీ అడిగింది. విచారణకు సిట్ వేశారు. ప్రభుత్వం ఎవరిదైనా, ఏ పార్టీవాళ్ళను కదిలించినా ‘అప్పుడు మీరు చేసిందేమిటి’ అన్న ప్రశ్నే ముందు వస్తుంది. పొలం గట్టు తగాదా, కాలవ నీళ్ళ వంతు, పెళ్ళిలో భోజనాల దగ్గర జారిన మాట, వాట్సాప్ గ్రూపులో తిట్టు, అన్నిటిదీ ఇదే వరస. ఒకడు తిడతాడు, రెండోవాడు చెయ్యెత్తుతాడు, మూడోరోజుకు రెండు కులాలవాళ్ళు పోలీసు స్టేషన్ ముందు గుమిగూడతారు. తెర మీద హీరో ఒక్కొక్కణ్ణీ వెతికి వెతికి చంపుతుంటే హాలు ఈలలతో దద్దరిల్లుతుంది. అది సినిమా అని అందరికీ తెలుసు. అయినా పగ తీర్చుకోవడమే మగతనమన్న నమ్మకాన్ని ఆ ఈలలు ప్రతి వారం కొత్తగా ముద్ర వేసి పంపుతున్నాయి.

పగ పట్టినవాడెవడూ దాన్ని పగ అనుకోడు, జవాబు అనుకుంటాడు. కొట్టినవాణ్ణి అడిగి చూడండి, ముందు వాళ్ళే మొదలుపెట్టారంటాడు. అవతలివాళ్ళను అడిగితే ఇంకా వెనక్కి తీసుకెళతారు. ఎవరి కథ వాళ్ళకు తగిలిన దెబ్బ దగ్గరే మొదలవుతుంది, తాము కొట్టిన దెబ్బ దాంట్లో ముగింపు మాత్రమే. రెండు కథలూ నిజమే కావచ్చు, అందుకే తగాదాకు అంతు ఉండదు. దీని ఖర్చు కట్టేది కర్ర పట్టినవాడొక్కడే కాదు. వాయిదాలకు తిరగడానికి ఎకరమో అరెకరమో అమ్ముకున్న కుటుంబం కట్టాలి. ఊరు విడిచి తలదాచుకున్న కొడుకు కోసం రాత్రిళ్ళు మేలుకునే తల్లి కట్టాలి. ఫ్యాక్షన్ నడిచిన ఊళ్ళలో బాంబు వేసినవాడి పిల్లలకూ, దానికి బలైనవాడి పిల్లలకూ చదువు ఒకేసారి ఆగిపోయింది. పగ కాసేపు కడుపు చల్లబరుస్తుందన్నది నిజం, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ అది ఒక్క సమస్యను కూడా పరిష్కరించదు, కొత్త బాధితుణ్ణి తయారుచేస్తుంది. ఆ బాధితుడి దగ్గర కొత్త కథ మొదలవుతుంది.

ఈ వరసను ఎక్కడో ఒకచోట తెంపాలి. తెంపగలిగేది ఆ క్షణాన దెబ్బ తిని ఉన్నవాడే. కొట్టినవాడు ఎంత మంచివాడైపోయినా ఆ పని అతడి చేతిలో లేదు. క్షమకు ఉన్న బలమంతా ఇక్కడే ఉంది, దాని మీద వచ్చే అభ్యంతరాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. క్షమ అంటే జరిగింది జరగలేదని చెప్పడం కాదు. కేసు ఉపసంహరించుకోవడం కాదు. కొట్టినవాడితో కలిసి భోంచేయడం అంతకన్నా కాదు. నా చేత్తో నేను బదులు తీర్చుకోను, నీ పిల్లల మీద నా పిల్లలకు పగ అప్పజెప్పను, కానీ నువ్వు చేసింది తప్పని నలుగురిలో తేలాలి, దానికి చట్టం చెప్పింది జరగాలి. దెబ్బ తిన్న మనిషి ఇంత చెప్పగలిగితే అదే క్షమ. ఈ వ్యాసంలో ఆ మాటను ఈ అర్థంలోనే వాడుతున్నాం.

మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి కాదా?

మొదటి అభ్యంతరం మన సామెతలోనే ఉంది. మెత్తనివాడు దొరికితే అందరికీ మొత్తబుద్ధే పుడుతుంది. ఒకసారి ఊరుకుంటే రెండోసారి నెత్తికెక్కుతారు. ఇది పిరికిమాట కాదు, బతికి చూసినవాళ్ళ మాట. అపకారికి ఉపకారం చేయమని సుమతీ శతకం బళ్ళో నేర్పితే, ఈ సామెతను బజారు నేర్పింది. రెండింటిలో ఏది నిజమంటే వేమన వైపు చూడాలి. శత్రువు విషయంలో ఏం చేయాలో ఆయన చెప్పిన పద్యం తెలుగు పిల్లలందరికీ వచ్చు. అందులో ఆయన ముందుగా పెట్టిన షరతును మనం పెద్దగా పట్టించుకోం. శత్రువు మన గుప్పిట్లోకి వచ్చాక మేలు చేసి పంపమంటాడాయన. అంటే చంపగల సత్తా ఉండి మానుకున్నవాడి గురించే ఆ మాట. ఏమీ చేయలేక ఊరుకున్నవాడిది నిస్సహాయత, దాన్ని క్షమ అనకూడదు. చేయగలిగీ చేయనివాడిని చూసి ఎవరికీ మొత్తబుద్ధి పుట్టదు.

ఈ అభ్యంతరాన్ని అందరికంటే గట్టిగా వినిపించింది ద్రౌపది. భారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కన ఊరివాళ్ళకు ఆమె గురించి కొత్తగా చెప్పేదేముంది? అరణ్యపర్వంలో ధర్మరాజు శాంతాన్ని ఆమె నిలదీస్తుంది. ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన నీతిని ఎత్తి చూపుతుంది: ఎప్పుడూ కోపమే మంచిది కాదు, ఎప్పుడూ క్షమ కూడా మంచిది కాదు. ఎప్పుడూ క్షమించేవాణ్ణి ఇంట్లో పనివాళ్ళు సైతం లెక్కచేయరని ఆమె వాదన. ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషే యుద్ధం ముగిశాక నిద్రలో ఉన్న తన ఐదుగురు కొడుకులనూ చంపిన అశ్వత్థామ బందీగా కళ్ళెదుట నిలబడితే ఏం చేసింది? పోతన భాగవతంలో ఆమె అతణ్ణి విడిచిపెట్టమంటుంది. బిడ్డలు పోయి తను ఏడుస్తున్నట్టు ఇతడి తల్లి ఏడవకూడదంటుంది. భీముడు ఒప్పుకోడు. ఆ కొడుకులకు అతడూ తండ్రి వరసే, అతడి కోపంలో తప్పు పట్టడానికి లేదు. చివరికి ప్రాణం తీయలేదు, కానీ తల గొరిగి, శిరోరత్నం ఊడబెరికి వెళ్ళగొట్టారు. కడుపుకోత పడ్డ తల్లి మరో తల్లి కడుపుకోతను ఆపింది, చేసిన పాపానికి శిక్ష మాత్రం పడింది. అడవిలో వాదించిన ద్రౌపదికీ ఈ ద్రౌపదికీ తేడా లేదు. ఎప్పుడూ క్షమించడం తప్పన్న మనిషే క్షమించవలసిన సమయం ఏదో ఎరిగి క్షమించింది.

[ చట్టం గీసిన గీత ]
2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 359వ సెక్షన్ రాజీ పడదగిన నేరాల పట్టిక ఇస్తుంది. కొన్నిట్లో దెబ్బ తిన్న వ్యక్తి తనంతట తానే రాజీకి ఒప్పుకోవచ్చు, మరికొన్నిట్లో కోర్టు అనుమతి కావాలి. ఆ పట్టికలో లేని నేరాలకు, ఉదాహరణకు హత్యకూ అత్యాచారానికీ, రాజీ లేదు. రాజీకి ఒప్పుకోవలసింది బాధితులే. రాజీ పడదగిన కేసులను 1987 నాటి చట్టం కింద పనిచేసే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. సివిల్ తగాదాలకూ అక్కడ చోటుంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

ఓలేత్‌లో ఒక బుధవారం

పురాణంలో అయితే సరే, కొడుకునో మొగుణ్ణో పోగొట్టుకున్న ఈ కాలపు మనిషికి ఇది అయ్యే పనేనా అన్నది తరువాతి ప్రశ్న. ఈ తీరంలో అమెరికా నుంచి వచ్చే ఫోను కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు లేని వీధి అరుదు. అందుకని అక్కడి కథే చూద్దాం. 2017 ఫిబ్రవరి 22, బుధవారం సాయంత్రం. కాన్సాస్ రాష్ట్రం ఓలేత్ పట్టణంలో గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాడసాని అలోక్ పని ముగించుకుని రోజూ వెళ్ళే బార్‌లో కూర్చున్నారు. ఆడం ప్యూరింటన్ అనే మాజీ నావికుడు వాళ్ళ దగ్గరికొచ్చి ఏ వీసా మీద వచ్చారని గద్దించాడు, జాతి పేరుతో దూషించాడు. అక్కడివాళ్ళు అతణ్ణి బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చి, మా దేశం విడిచి పొండని అరుస్తూ కాల్చాడు. ముప్పై రెండేళ్ళ శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు. అడ్డుపడబోయిన ఇరవై నాలుగేళ్ళ ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ యువకుడికి చేతిలోంచీ ఛాతీలోంచీ తూటా దూసుకుపోయింది. చంపినవాడు పారిపోయి మరో ఊళ్ళో బార్ సిబ్బందితో తాను ఇరానీయులను చంపానని చెప్పుకున్నాడు. ద్వేషానికి తాను ద్వేషించేది ఎవరినో కూడా తెలియలేదు.

శ్రీనివాస్ భార్య దుమాల సునయన రెండు రోజులకే విలేకరుల ముందుకొచ్చారు. మాలాంటివాళ్ళకు ఈ దేశంలో చోటుందా అని అమెరికాను సూటిగా అడిగారు. ఆ ప్రశ్నలో నిందా ఉంది, జవాబు కోసం ఎదురుచూపూ ఉంది. భర్త వీసా మీదే అక్కడున్న ఆమెకు భర్తతోపాటు ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. వెళ్ళిపోయి ఆ దేశాన్ని జీవితాంతం తిట్టుకున్నా ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆమె మాత్రం కాన్సాస్‌లోనే నిలబడ్డారు. వలస వచ్చినవాళ్ళనూ స్థానికులనూ దగ్గర చేయడానికి ‘ఫరెవర్ వెల్‌కమ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. శిక్ష ఖరారు చేసే వేళ కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలంలో హంతకుణ్ణి ఉద్దేశించి, కోపం దిగమింగుకుని నా భర్తతో నెమ్మదిగా మాట్లాడి ఉంటే తన గురించి సంతోషంగా చెప్పి ఉండేవాడన్న అర్థం వచ్చేలా రాశారు. అది క్షమాపత్రం కాదు. ఆమె క్షమించానని ప్రకటించారని మనం రాసేస్తే అది ఆమె మీద మరో దౌర్జన్యం. కానీ చంపినవాడిలో కూడా మాట వినగల మనిషి ఉండేవాడేమోనని ఆలోచించగలగడం కరుణ కాకపోతే మరేమిటి? కోర్టులు తమ పని తాము చేశాయి. ప్యూరింటన్ నేరం ఒప్పుకున్నాడు. 2018 మేలో రాష్ట్ర కోర్టు యావజ్జీవం వేసింది, యాభై ఏళ్ళదాకా పెరోల్ లేదు. ఆగస్టులో ద్వేషపూరిత నేరం కింద ఫెడరల్ కోర్టు మరో యావజ్జీవం వేసింది. హ్యూస్టన్‌లోని భారతీయులు గ్రిల్లట్ ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఒక తెల్లవాడు చేసిన నేరాన్ని తెల్లవాళ్ళందరి ఖాతాలో రాయకుండా, తమ కోసం ప్రాణం అడ్డేసిన తెల్లవాణ్ణి ఇంటిమనిషిగా చూసుకున్నారు. శిక్షా ఆగలేదు, కరుణా ఆగలేదు.

బరువు ఎవరి నెత్తిన?

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. క్షమించమని లోకం ఎప్పుడూ ఎవరికి చెబుతుంది? దెబ్బలు తిన్న భార్యకు చెబుతుంది, కొట్టిన మొగుడికి చెప్పదు. కూలివాడికి చెబుతుంది, ఆసామికి చెప్పదు. 1985 జులై 17న చీరాల దగ్గర కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన వివాదం దళితవాడ మీద దాడిగా మారి ఆరుగురు హతమయ్యారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. అలాంటి ఊళ్ళలో కొన్నాళ్ళు గడిచాక పెద్దమనుషులు రాజీ మాటలతో బయల్దేరతారు. జరిగిందేదో జరిగిపోయింది, ఒకే ఊళ్ళో బతకాలి కదా అంటారు. తియ్యగా వినిపించే ఈ మాట కత్తి కంటే తక్కువదేమీ కాదు. తప్పు ఒప్పుకోనివాడి తరఫున, శిక్ష పడకముందే, ఆకలికి భయపడే స్థితిలో ఉన్నవాడి దగ్గర రాబట్టే సంతకాన్ని క్షమ అనడం ఆ పదాన్నే అవమానించడం.

కారంచేడు బాధితులు చేసింది వేరు. ఊరు విడిచి చీరాల చేరారు, అక్కడి నుంచి దళిత మహాసభ ఉద్యమం పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు దానికి గొంతయ్యారు. పల్లెకు పల్లె బదులు తీర్చుకోలేదు, న్యాయం కోసం కోర్టు మెట్లు ఎక్కారు. 1989లో నక్సలైట్లు అవతలి పక్షం పెద్ద ఒకరిని చంపారు. ఆ హత్య కారంచేడు కేసును అంగుళం కూడా ముందుకు జరపలేదు. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ళ జైలు వేసింది. ఘటన జరిగి అప్పటికి ఇరవై మూడేళ్ళు. చుండూరు మరీ అన్యాయం. ఆ ఊళ్ళోనే నడిచిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది మంది చనిపోయారు, చంపినవాళ్ళు ఎవరూ లేరు. అలాంటి ఇంటికి వెళ్ళి క్షమ గురించి ప్రవచనం చెప్పే అర్హత ఎవరికీ లేదు.

అందుకే క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిది మాత్రమే అనాలి. అతడి తరఫున పెద్దమనుషులు ఇవ్వలేరు, ప్రభుత్వం ఇవ్వలేదు, పూజారీ పాస్టరూ ఇమామూ ఇవ్వలేరు. ఇవ్వనన్నా అతణ్ణి తక్కువ చేయకూడదు. అతడు ఇవ్వగలిగే స్థితి రావాలంటే ముందు రెండు జరగాలి. తప్పు చేసినవాడు నోరు విప్పి ఒప్పుకోవాలి, న్యాయం పెద్దగా ఆలస్యం కాకుండా అందాలి. క్షమ దొరకని చోట తప్పు క్షమించనివాడిదని తీర్మానించే ముందు ఈ రెండూ జరిగాయా అని చూడాలి. మన దగ్గర చాలాసార్లు ఒక్కటీ జరగదు.

[ నిజం చెబితేనే ]
జాతివివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికా 1995 చట్టంతో సత్య, సమన్వయ సంఘాన్ని ఏర్పాటుచేసింది. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షుడు. 1996 ఏప్రిల్‌లో విచారణలు మొదలయ్యాయి. చేసిన నేరాన్ని పూర్తిగా, బహిరంగంగా చెప్పుకుంటేనే క్షమాభిక్ష. ఏడు వేలకు పైగా దరఖాస్తులు వస్తే మంజూరైనవి 849. మన దేశంలో చంబల్ బందిపోట్లు 1960లో వినోబా ముందు, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు ఆయుధాలు దించారు. లొంగిపోయినవాళ్ళు జైలుకు వెళ్ళారు.

కావలి లెక్క తేలలేదు

ఇంతదాకా ఎదుటివాడి తప్పు గురించి మాట్లాడుకున్నాం. కావలివాళ్ళు తమవైపు నుంచి చూసుకోవలసిన చరిత్ర ఒకటుంది. ఈ తీరం ఉప్పుకొఠార్లకు పేరు. ఒకప్పుడు ఇక్కడి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్ళకు చేర్చి బదులుగా ధాన్యం తెచ్చుకునేవాళ్ళలో ఎరుకలవాళ్ళు ముఖ్యులు. బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పును తన గుత్తకిందికి తెచ్చుకుంది. 1899 నాటికి మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గం కావలి మీదుగా పూర్తయింది. ఉప్పు రైలెక్కింది, గాడిదల మీద బతికినవాళ్ళు రోడ్డున పడ్డారు. బతుకుతెరువు తీసుకున్న ప్రభుత్వమే వాళ్ళకు దొంగలన్న పేరు ఇచ్చింది. ఉత్తర భారతంలో 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఒక కులాన్ని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, అందులోవాళ్ళ వేలిముద్రలు తీసుకోవచ్చు, పోలీసులకు హాజరు ఇవ్వమనవచ్చు, ఊరు కదలకుండా కట్టడి చేయవచ్చు, సెటిల్‌మెంట్ అనే నిఘా శిబిరానికి తరలించవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బళ్ళలో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. నెల్లూరు జిల్లా యానాదులనూ కొంతకాలం ఆ జాబితాలో చేర్చారు.

అలాంటి ఎరుకల సెటిల్‌మెంట్ ఒకటి కావలిలో నడిచింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ బాడెన్ దాన్ని నిర్వహించారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ చూసుకునేది. ఆ మిషనరీలలో దయ లేదనడం అన్యాయం. పని నేర్పారు, అక్షరం నేర్పారు. వాళ్ళు రాకపోతే మిగిలేది పోలీసు లాఠీ ఒక్కటే. కానీ ఆ దయ హాజరు పట్టీ పక్కనే కూర్చుంది. దొంగలను సంస్కరించాలన్న సంకల్పంతో మొదలైన దయకు, వీళ్ళను దొంగలని ఎవరు, ఏ విచారణ జరిపి తేల్చారన్న ప్రశ్న అడ్డు రాలేదు. ఏ నేరమూ చేయని మనిషికి పుట్టుకనే నేరంగా అంటగట్టి, ఆపైన కరుణించడం క్షమ కాదు. నేరం చేసినవాళ్ళు అసలు లేరా అంటే ఉన్నారు, వాళ్ళ చేతుల్లో నష్టపోయిన ఇళ్ళూ ఉన్నాయి. అలాంటివాళ్ళకు పేరు పేరునా విచారణ జరగవలసింది. ఒకడి దొంగతనాన్ని ఇంకా ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ పేరున నమోదు చేయడాన్ని ఏ ధర్మమూ ఒప్పదు.

ఈ చట్టం మీద పోరాడినవాళ్ళలో మన జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య ముందువరసలో ఉంటారు. యానాదుల, ఎరుకల మధ్య జీవితమంతా పనిచేసిన ఆయనకు 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. మద్రాసు రాష్ట్రంలో స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లోనే చట్టం రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కాగితం మీద పోయింది కానీ మాటల్లో పోలేదు. 1970ల్లో నాస్తికోద్యమకారుడు గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత స్టువార్టుపురంలో సంస్కరణ పని మొదలుపెట్టేనాటికి ఆ ఊరి పేరు భయానికి మారుపేరుగా ఉంది. ఆ దంపతులు దేవుణ్ణి నమ్మేవాళ్ళు కాదు, ఆ ఊరి మనుషులను నమ్మారు. అదే ఊరి పేరు మీద 1991లో ఒక సినిమా వచ్చింది, ఆ ఊరి కథగా 2023లో ఇంకొకటి వచ్చింది. ఇక్కడ అలాంటి ముద్రే మోస్తున్న బోగోలు మండలం కప్పరాళ్లతిప్పవాళ్ళను అడిగితే తెలుస్తుంది, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు ఎలా మారుతుందో. చదువుకుని ఉద్యోగం చేసే పిల్లలు కూడా ఊరి పేరు దాచుకోవలసి వస్తే అది చట్టం రద్దయినట్టా?

పాత కథలన్నిట్లో ఎరుకలవాళ్ళను క్షమించి అక్కున చేర్చుకోవలసినవాళ్ళుగా చూపిస్తూ వచ్చారు. లెక్క తిరగబడాలి. బతుకు పోగొట్టుకున్నది, బిరుదు మోసింది, బిడ్డలకు దూరమైంది వాళ్ళు. దెబ్బ తిన్నది వాళ్ళయితే క్షమించే హక్కూ వాళ్ళదే. అది ఇవ్వాలో అక్కర్లేదో వాళ్ళే తేల్చుకోవాలి. దాన్ని అడగడానికి కావలసిన పని మాత్రం మన వంతు. పట్టణంలో దొంగతనం జరిగితే పోలీసులు ఆధారాల వెంట వెళ్ళాలి, ఊళ్ళ పేర్ల వెంట కాదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, దుకాణంలో పని ఇచ్చేవాళ్ళు ఆ పేరు విని తలుపు వేసుకోకూడదు. 1951 నుంచి జవహర్ భారతి లాంటి కళాశాల ఉన్న ఊరు మనది. చరిత్ర శాఖలున్న కళాశాలలు, హైస్కూళ్ళు, మున్సిపాలిటీ కలిసి వచ్చే ఆగస్టు 31న సెటిల్‌మెంట్ చరిత్రను ఆ కుటుంబాల పెద్దల నోటే ఊరికి వినిపించాలి, అది విన్నాక అదే సభలో పట్టణం తరఫున వాళ్ళను క్షమాపణ అడగాలి.